ఊరి క్లినిక్ నుంచి మానసిక వైద్యుడి దాకా: ఆన్‌లైన్ రిఫరల్ మధ్యలో జారిపోకుండా పంపే పద్ధతి

"సార్, ఆన్‌లైన్‌లో పంపేశాను. తర్వాత ఏమైందో తెలీదు." శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విలేజ్ క్లినిక్‌ల నుంచి వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి.

బటన్ నొక్కితే రిఫరల్ అయిపోదు. మనిషి డాక్టరు ముందు కూర్చోవాలి, అక్కడ ఏం చెప్పారో తిరిగి మీ రిజిస్టర్‌లోకి రావాలి. అప్పుడే అయినట్టు. ఈలోగా మనిషి జారిపోయే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని వరసగా చెప్తాను.

ఇది ముఖ్యంగా ఎంఎల్‌హెచ్‌పీలు (విలేజ్ క్లినిక్‌లో ఉండే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు), ఏఎన్ఎంలు, ఆశాలు, పీహెచ్‌సీ డాక్టర్ల కోసం. ఇంట్లో మనిషి గురించి తిరుగుతున్న కుటుంబాలు 2, 7 భాగాలు చదివితే చాలు. ఏ తెర మీద ఏ బటనో రాయడం లేదు. యాప్ అప్‌డేట్ అయిన మర్నాడే అది పాతబడిపోతుంది.

1. ముందు గోడ మీద ఒక కాగితం అంటించండి

మొదటి రిఫరల్ పంపకముందే చేయాల్సిన పని ఇది. మీ క్లినిక్ నుంచి మానసిక వైద్యానికి వెళ్ళే దారులు ఏమిటో ఒక్క పేజీలో రాసి పెట్టుకోండి. మన రెండు జిల్లాల్లో మామూలుగా ఉండేవి ఇవీ:

• మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్. తేలిక నుంచి మధ్యస్థం దాకా ఉన్న డిప్రెషన్, ఆందోళన ఇక్కడే మొదలవ్వాలి.
• ఈ-సంజీవని. ఊరి క్లినిక్‌ని స్పోక్ అంటారు, డాక్టర్లు కూర్చునే చోటుని హబ్ అంటారు. వీడియోలో చూసి ప్రిస్క్రిప్షన్ పంపుతారు.
• జిల్లా స్థాయిలో సైకియాట్రీ ఓపీ, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అంటే డీఎంహెచ్‌పీ బృందం.
• విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. చేర్చి చూడాల్సినవాళ్ళకి.
• టెలి మానస్, 14416. ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది.
• 108. దీని సంగతి తర్వాతి భాగంలో.

ప్రతి దారి పక్కనా నాలుగు సంగతులు రాయండి: ఏ రోజుల్లో, ఏ వేళల్లో చూస్తారు, అక్కడ ఆన్‌లైన్ జాబితా తెరిచి చూసే మనిషి ఎవరు, వారి ఫోన్ నంబర్, వాళ్ళు లేనప్పుడు ఎవరు.

రెండో సంగతే అసలు కిటుకు. కొన్నిచోట్ల లాగిన్ డాక్టరు పేరు మీద ఉంటుంది, తెరిచేది మాత్రం డేటా ఎంట్రీ ఆపరేటర్. ఆ అబ్బాయి సెలవు పెడితే వారం రోజుల రిఫరల్స్ అలాగే పడుంటాయి. ఆ కుర్చీలో ఎవరున్నారో తెలుసుకుని ఒకసారి వెళ్ళి పలకరించి రండి. వాట్సాప్‌లో పరిచయం చేసుకుంటే అంత పని జరగదు, ముఖం చూపించి రావాలి.

ఇంకొకటి. మీ పీహెచ్‌సీ ఫార్మసీలో మానసిక వ్యాధుల మందులు ఏవి ఉన్నాయో నెలకోసారి రాసుకుని ఆ కాగితం కిందే అంటించండి. ఇది ఎందుకో 6వ భాగంలో తెలుస్తుంది.

2. ఎవరిని, ఎంత తొందరగా?

అందర్నీ ఒకే వరసలో పంపితే తొందరగా చూడాల్సిన మనిషి వెనక పడిపోతారు. మూడు రంగులుగా విడదీయండి.

ఎరుపు, ఇప్పుడే:
• ప్రాణం తీసుకోవాలని ప్రయత్నించినవాళ్ళు, లేదా ఎలా అన్నది కూడా తేల్చుకున్నవాళ్ళు
• తిండీ నీళ్ళూ మానేసి, పలక్కుండా బిగుసుకుపోయినవాళ్ళు
• జ్వరంతోపాటు ఉన్నట్టుండి మాట తడబడి మనుషుల్ని పోల్చుకోలేనివాళ్ళు. ఇది మెదడు జ్వరమో మలేరియానో ఇంకేదో కావచ్చు. ముందు మామూలు క్యాజువాలిటీకే వెళ్ళాలి.
• రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేశాక వణుకు, ఫిట్స్, లేనివి కనపడటం
• బాలింత వింతగా ప్రవర్తిస్తున్నా, బిడ్డకి హాని చేస్తానంటున్నా

వీళ్ళకి ఆన్‌లైన్ రిఫరల్ నింపుతూ కూర్చోకండి. 108కి ఫోన్, దగ్గరి క్యాజువాలిటీకి ముందే కబురు, మనిషిని ఒంటరిగా వదలకపోవడం. కాగితాలు వెనకాల వెళ్తాయి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఉంటే అక్కడి నుంచి తీయించండి. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో మందు డబ్బా లేని ఇల్లు ఉండదు కాబట్టి ఈ మాట మొహమాటం లేకుండా అడగాలి.

ప్రయత్నించిన మనిషిని పోలీసు కేసు అవుతుందన్న భయంతో దాచేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనేలేదు. ఈ మాట కుటుంబానికి అక్కడికక్కడే చెప్పండి.

పసుపు, వారంలోపు:
• పీహెచ్‌క్యూ-9లో (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం) 15, ఆపైన వచ్చినవాళ్ళు
• ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనుకోవడం
• మానసిక జబ్బుకి వాడుతున్న మందు ఆపేసినవాళ్ళు
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు. వీళ్ళ స్కోరు తక్కువైనా ఇక్కడే పెట్టండి.

ఆకుపచ్చ: పీహెచ్‌క్యూ-9 స్కోరు 10 నుంచి 14 మధ్య. పీహెచ్‌సీ డాక్టరుకి చూపించి, రెండు వారాలకి మళ్ళీ ప్రశ్నలు అడగండి. తగ్గకపోతే పసుపులోకి.

ఆశాలు ఇంటింటికీ నింపే సీబాక్ ఫారంలో (జబ్బుల ముప్పు ముందే పట్టే చెక్‌లిస్ట్) పీహెచ్‌క్యూ-2, అంటే ఆ తొమ్మిదిలో మొదటి రెండు ప్రశ్నలు ఉంటాయి. మొత్తం 6కి గాను 3 దాటితే పైకి పంపాలని అందులో ఉంది. సరిగ్గా 3 వచ్చినవాళ్ళని కూడా వదలొద్దని నేనంటాను. తొమ్మిది ప్రశ్నలూ అడగడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

రంగు ఏదైనా సరే, తొమ్మిదో ప్రశ్నకి, అంటే చచ్చిపోవాలనో తనకి తానే హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అన్నదానికి, సున్నా తప్ప ఏ జవాబు వచ్చినా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. డాక్టరు దొరక్కపోతే 14416.

3. మాట తీయడం, ఒప్పుకోలు తీసుకోవడం

మన వైపు "నాకు డిప్రెషన్‌గా ఉంది" అని క్లినిక్‌కి వచ్చేవాళ్ళు అరుదు. బుర్ర పోటు, గుండె దడ, ఒళ్ళు మంటలు, నీరసం అని వస్తారు. లేకపోతే గాలి సోకిందని ఈసరికే తాయెత్తు కట్టించుకుని వస్తారు. తాయెత్తు గురించి వాదన పెట్టుకోకండి. అది ఉంటే ఉండనివ్వండి, మందు కూడా వేసుకోమనండి.

వరండాలో బీపీ వరసలో నిలబెట్టి అడిగితే ఎవరూ నోరు విప్పరు. "పిన్నీ, లోపలికి రా, బీపీ ఇంకోసారి చూస్తాను" అని పిలవండి. తలుపు దగ్గరికి వేయండి. అప్పుడు ఇలా నడుస్తుంది:

"రాత్రుళ్ళు నిద్ర పడుతోందా పిన్నీ?"

"నిద్రేటమ్మా, నడిరేతిరికే మెలకువొచ్చేస్తంది. మరి పట్టదు."

"తిండి?"

"ముద్ద దిగదు."

"జీడి పనికి వెళ్ళేదానివి కదా?"

"మానేసినాను. ఎల్లబుద్ధి కాదు."

"ఎప్పుడైనా బతకడం దేనికి అనిపిస్తోందా? చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?"

ఇక్కడ ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు ఊరుకుంటుంది. మీరూ ఊరుకోండి. కంగారుపడి "అలాంటివేం లేవు కదా?" అని మీరే జవాబు అందించకండి. అలా అడిగితే ఎవరైనా "లేవు" అనే చెప్తారు.

"అప్పుడప్పుడు వస్తంది."

ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది సిస్టర్లు భయపడతారు. అలా పుట్టదు. అడిగిన మనిషి దగ్గరే బరువు దింపుకుంటారు.

తర్వాత ఒప్పుకోలు. "నీ సంగతి ఒక డాక్టరుగారికి కంప్యూటర్‌లో రాసి పంపుతాను. ఆయన, ఆ ఆస్పత్రిలో చూసేవాళ్ళు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు. పంపనా?" ఇంత చాలు. "ఏదో పరీక్షకి" అని అబద్ధం చెప్పి పంపితే అక్కడ సైకియాట్రీ బోర్డు చూసి వెనక్కి వచ్చేస్తారు, మళ్ళీ మీ గుమ్మం ఎక్కరు.

"నన్ను వాల్తేరు పంపేస్తారా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి: "లేదు. చాలామందికి మందు ఇంటి దగ్గరే వాడతారు, చూపించుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేస్తావు."

4. ఫారం నింపడం

పని ఎక్కువగా చెడేది ఇక్కడే. అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఫోన్ నంబర్. నా చేతుల మీద జరిగిన తప్పు చెప్తాను. ఒకామెకి ఆధార్‌తో ఉన్న నంబరే రిఫరల్‌లోనూ పెట్టేశాను. ఆ సిమ్ చెన్నైలో కూలి పనికెళ్ళిన కొడుకు దగ్గరుంది. సైకియాట్రీ ఓపీ తేదీ అతనికి మెసేజ్‌గా వెళ్ళింది. అతను గాబరాపడి బంధువులకి ఫోన్ చేశాడు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఆమెకి మాత్రం తేదీ తెలియలేదు. తప్పు యాప్‌ది కాదు, నాది.

ఇక్కడి మగవాళ్ళు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు, మత్స్యకారులైతే వేటకి గుజరాత్‌లో వీరావల్ వెళ్ళిపోతారు. ఆధార్ నంబర్ ఎవరి జేబులో ఉందో అడగకుండా నింపకండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ ఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? మెసేజ్ వస్తే ఎవరు చదువుతారు? ఏ వేళలో ఫోన్ చేస్తే నువ్వే ఎత్తుతావు? ఫోన్ లేని మనిషైతే, ఆమె ఒప్పుకుంటే ఆశా నంబర్ ఇవ్వండి.

ఆభా నంబర్, అంటే ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబర్, 14 అంకెలు. ఉంటే వేయండి, పాత రికార్డులు దొరకడం తేలికవుతుంది. లేదని మాత్రం మనిషిని తిప్పి పంపకండి. ఆభా తీసుకోవడం వాళ్ళ ఇష్టం.

ఇక అసలు విషయం. మామూలుగా వచ్చే రిఫరల్ ఇలా ఉంటుంది:

"డిప్రెషన్ అండ్ స్లీప్ ప్రాబ్లమ్. ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్."

దీన్ని చూసి అవతలి డాక్టరు ఏ రంగులో పెట్టాలి? ఆ నీడ్‌ఫుల్ ఏమిటో పంపినవాళ్ళే చెప్పాలి. అదే మనిషి గురించి ఇలా రాయొచ్చు. ఇది ఊహించి రాసిన నమూనా:

"42 ఏళ్ళ మహిళ. 3 నెలలుగా నిద్ర తక్కువ, నడిరాత్రి మెలకువ. ఆకలి లేదు. 5 వారాలుగా పని మానేసింది. పీహెచ్‌క్యూ-9: 17. తొమ్మిదో ప్రశ్నకి 1. ఎలా అన్న ఆలోచన లేదు, గతంలో ప్రయత్నం లేదు. ఈ రోజే పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడించాం. బీపీ 140/90, ఆమ్లోడిపిన్ 5 వాడుతోంది. హిమోగ్లోబిన్ 9.2. క్రియాటినిన్ 1.9. థైరాయిడ్ పరీక్ష చేయలేదు. మద్యం లేదు. భర్త చెన్నైలో, ఇంట్లో అత్త, కూతురు. తెలుగు, ఒడియా మాట్లాడుతుంది. మధ్యాహ్నం 2 తర్వాత ఫోన్ ఎత్తుతుంది. అడిగేది: మందు మొదలుపెట్టాలా, కిడ్నీ దృష్ట్యా ఏది, ఎంత? ఊళ్ళో ఫాలోఅప్ నేను చూసుకోగలను."

చివరి రెండు వాక్యాలు చూడండి. ఏం కావాలో అడిగారు, తర్వాత ఎవరు చూస్తారో చెప్పారు. ఇలాంటి రిఫరల్‌కి జవాబు రాయడం అవతలివాళ్ళకి తేలిక.

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అందులో ఊరికే లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి, అంటే కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి పంపే ప్రతి రిఫరల్‌లోనూ అది ఉండాలి. లిథియం లాంటి మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీ బాగోలేని మనిషికి మోతాదు తెలియకుండా ఇస్తే ప్రమాదం. విశాఖలో కూర్చున్న డాక్టరుకి ఊరి పేరు చూడగానే ఇది తట్టకపోవచ్చు, మీకు తట్టాలి.

భాష కూడా రాయండి. ఇచ్ఛాపురం అంచున ఒడియా, మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో సవర. మనసులో మాట పరాయి భాషలో చెప్పమంటే "బాగానే ఉంది" అనేసి లేచిపోతారు.

నింపాక సరిచూసుకోండి:
☐ ఫోన్ ఎవరి చేతిలో ఉందో అడిగాను
☐ ఎన్నాళ్ళ నుంచి, ఏ పని ఆగిపోయింది
☐ స్కోరు, తొమ్మిదో ప్రశ్న జవాబు విడిగా
☐ వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, ఆర్‌ఎంపీ ఇచ్చినవి సహా
☐ బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, థైరాయిడ్. చేయనిది "చేయలేదు" అని
☐ మద్యం, గర్భం, పాలివ్వడం
☐ రంగు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ
☐ నేను అడిగే ప్రశ్న

5. పంపడం

సిగ్నల్ లేని చోట ముందు కాగితం మీద రాసుకోండి, వెలుతురుండగానే సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి ఎక్కించండి. "రేపు ఎక్కిస్తా" అని జేబులో పెట్టుకున్న చీటీ ఉతుకుల్లో పోతుంది.

పంపాక వచ్చే రిఫరల్ నంబర్ రిజిస్టర్‌లో రాయండి. నంబర్ రాలేదంటే వెళ్ళలేదని లెక్క. పసుపు రంగువాళ్ళ విషయంలో పంపిన రోజే అవతలి మనిషికి ఒక ఫోన్: "ఈ నంబర్‌తో ఒకటి పంపాను, చూశారా?" పేరు కూడా చెప్పక్కర్లేదు.

వాట్సాప్ సంగతి. పేషెంట్ పేరు, ఫొటో, ప్రిస్క్రిప్షన్ కలిపి మండలం గ్రూపులో పెట్టి "సార్, ఈ కేసు చూడండి" అనడం మానేయాలి. 2017 చట్టం 23, 24 సెక్షన్లు గోప్యత గురించే, డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ అది వర్తిస్తుందని 24లో స్పష్టంగా ఉంది. ఆ గ్రూపులో పేషెంట్ మేనమామ కొడుకు కూడా ఉంటాడు. మన ఊళ్ళు అంత చిన్నవి.

6. వీడియో కన్సల్టేషన్ రోజు

ఈ-సంజీవనిలో చూపిస్తుంటే గదిలో ఎవరుండాలో ముందే తేల్చుకోండి. మొదటి అయిదు నిమిషాలు పేషెంట్ ఒక్కరే. తర్వాత ఆమె సరేనంటేనే అత్తగారో భర్తో. హెడ్‌ఫోన్ పెట్టండి. స్పీకర్‌లో డాక్టరుగారి ప్రశ్న వరండా దాకా వినపడితే 3వ భాగంలో పడిన కష్టమంతా వృథా.

తెర మీద డాక్టరు కనపడగానే పేషెంట్లు బిగుసుకుపోతారు. ముందు మీరు మాట్లాడి, ఆమె చెప్పిందే రెండు ముక్కల్లో అందించండి, తర్వాత పక్కకి జరగండి. మొత్తం మీరే చెప్పేయకండి.

డాక్టరు లైన్లో ఉండగానే మందు పేరు చూసి, గోడ మీద ఉన్న మీ ఫార్మసీ జాబితాతో పోల్చండి. లేని మందైతే అప్పుడే అడగండి: "సార్, ఇది మా దగ్గర లేదు, ఫ్లూయాక్సెటిన్ ఉంది, కుదురుతుందా?" ఫోన్ పెట్టేశాక ఈ ప్రశ్నకి జవాబు తెప్పించుకోవడానికి వారం పడుతుంది. అన్ని మందులూ వీడియోలో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, కొన్నిటికి నేరుగా రమ్మంటే విసుక్కోవద్దని పేషెంట్‌కి ముందే చెప్పి ఉంచండి.

ముగిశాక మందు ఎప్పుడు, ఎలా వేసుకుంటుందో ఆమె చేతే చెప్పించండి. డిప్రెషన్ మందు పనిచేయడం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. వికారం, కడుపులో తేడా మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. ఈ రెండు ముక్కలు చెప్పకపోతే నాలుగో రోజున "పడలేదమ్మా" అని ఆపేస్తారు.

7. నేరుగా వెళ్ళాల్సినవాళ్ళకి దారి చీటీ

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటిన దూరం. ఒక రోజు కూలి, తోడొచ్చేవాళ్ళ కూలి, ఛార్జీలు. ఇంత పెట్టి వెళ్ళాక "ఈ రోజు ఓపీ లేదు" అంటే రెండోసారి వెళ్ళరు. కాబట్టి ఆన్‌లైన్ రిఫరల్‌తోపాటు పెద్ద అక్షరాలతో ఒక చీటీ చేతిలో పెట్టండి.

☐ ఏ ఆస్పత్రి, ఏ బ్లాకు, ఏ గది, ఏ రోజు, ఎన్ని గంటలకల్లా
☐ రిఫరల్ నంబర్, అక్కడ కలవాల్సిన మనిషి
☐ వెళ్ళే బండి, తిరిగొచ్చే ఆఖరి బండి
☐ తీసుకెళ్ళాల్సినవి: ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మందుల అట్టలు
☐ తోడు ఎవరు, ఇంట్లో పిల్లల్ని, గొడ్డూ గోదనీ ఎవరు చూస్తారు

రైల్లో వెళ్ళేవాళ్ళకి ఒక మాట: శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడ దిగి మళ్ళీ బస్సో ఆటోనో ఎక్కాలి. తెలియనివాళ్ళు స్టేషన్ బయటే ఆస్పత్రి వెతుక్కుంటారు. ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీశక్తి పథకం కింద ప్రయాణం ఉచితం, గుర్తింపు కార్డు ఉంటే చాలు.

తేదీ వేసేటప్పుడు ఊడ్పులు, కోతలు, ఊరి పండగ చూసుకోండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున విజయనగరం ఓపీకి రమ్మంటే ఆ జనంలో ఆస్పత్రి గేటు దాకా కూడా చేరలేరు.

8. తిరుగు జవాబు రప్పించుకోవడం

పైకి పంపడం అందరూ చేస్తారు, కిందికి రప్పించుకునేవాళ్ళు తక్కువ. పెద్ద ఆస్పత్రి ఓపీలో అంత రద్దీలో మీకు ఉత్తరం రాయాలని డాక్టరుకి గుర్తుండదు. మీరే తేలిక చేయండి. అర ఠావు కాగితం మీద నాలుగు ఖాళీలు రాసి పేషెంట్ చేతికివ్వండి: జబ్బు, మందు, మళ్ళీ ఎప్పుడు, ఊళ్ళో మేం ఏం చూడాలి. డాక్టరు నాలుగు ముక్కలు రాస్తే చాలు. నా అనుభవంలో ఆన్‌లైన్ జవాబు కన్నా ఈ కాగితమే ఎక్కువసార్లు తిరిగొచ్చింది.

రిజిస్టర్‌లో మూడు తేదీలకి గళ్ళు గీయండి.

48 గంటలు: అవతల రిఫరల్ తెరిచారా? లేదంటే ఫోన్.

7 రోజులు: మనిషి వెళ్ళారా? మందు మొదలైందా? ఇంటికి వెళ్ళి చూడాల్సిన రోజు ఇదే. వెళ్ళకపోతే తిట్టకండి, ఏది అడ్డొచ్చిందో రాసుకోండి. డబ్బులా, తోడా, సిగ్గా, దారా? ఒక్కోదానికి మందు వేరు.

30 రోజులు: పీహెచ్‌క్యూ-9 మళ్ళీ. పాత స్కోరు పక్కనే కొత్తది. మందులు అయిపోయే తేదీ కూడా ఇక్కడే రాయండి.

ఇంటికెళ్ళినప్పుడు నలుగురిలో "మెంటల్ మందులు వేసుకుంటున్నావా?" అని అడిగిన సిస్టరమ్మని నేను చూశాను. బీపీ మిషన్ పట్టుకుని వెళ్ళండి. అదే మీ సాకు.

9. తరచూ ఎదురయ్యే చిక్కులు

రిఫరల్ "తిరస్కరించారు" అని వచ్చింది. కారణం చదవండి. తరచుగా అది వివరాలు చాలక జరుగుతుంది. వివరాలు కలిపి మళ్ళీ పంపండి, ఒక ఫోన్ చేయండి. పేషెంట్‌కి "వద్దన్నారు" అని మాత్రం చెప్పకండి.

ఒకే మనిషికి మూడు రిఫరల్స్ ఉన్నాయి. ఆశా ఒకటి, ఏఎన్ఎం ఒకటి, డాక్టరు ఒకటి పంపారు. మండలానికి ఒక నియమం పెట్టుకోండి: గుర్తించేది ఎవరైనా, పంపేది ఎంఎల్‌హెచ్‌పీయే.

పేషెంట్ రానంటున్నారు, ఇంట్లోవాళ్ళు లాక్కెళ్ళిపోమంటున్నారు. ఎరుపు లక్షణాలు లేకపోతే లాగొద్దు. ముందు కుటుంబమే పీహెచ్‌సీ డాక్టరుతోనో 14416తోనో మాట్లాడాలి. పేషెంట్ ఫోన్‌లో ఆ నంబర్ వేసి ఇవ్వండి. ఇంట్లో ఫోన్ తీసి చూసేవాళ్ళుంటే ఏదో మామూలు పేరుతో సేవ్ చేయండి.

పెన్షన్ సర్టిఫికెట్ కోసమే రిఫరల్ అడుగుతున్నారు. అడగడంలో తప్పులేదు, కానీ అది వేరే దారి. వైద్యం రిఫరల్‌లో కలిపితే రెండూ ఆగిపోతాయి. విడిగా సచివాలయంలో అడిగి తెలుసుకోమనండి.

మనిషి మధ్యలో వలస వెళ్ళిపోయారు. పేరు కొట్టేయకండి. ప్రిస్క్రిప్షన్ ఫొటో ఆమె ఫోన్‌లోనే ఉండేలా చూడండి. 14416 ఏ రాష్ట్రం నుంచైనా పనిచేస్తుంది. పండక్కి ఊరొచ్చే తేదీ రిజిస్టర్‌లో రాసుకోండి. సంక్రాంతికి మనవాళ్ళందరూ వస్తారు, ఆ వారం క్లినిక్‌లో పాత జాబితా ముందేసుకుని కూర్చోండి.

10. మీరు సెలవులో ఉంటే

ప్రసూతి సెలవు, బదిలీ, శిక్షణ. మనిషి మారినప్పుడు రిజిస్టర్ మూతపడటం చాలాసార్లు చూశాను. వెళ్ళే ముందు రోజు ఒక గంట తీసి వచ్చేవాళ్ళకి ఇవి అప్పజెప్పండి:

☐ ఇంకా జవాబు రాని రిఫరల్ నంబర్లు, రంగుతో సహా
☐ ఈ నెలలో మందులు అయిపోయేవాళ్ళ పేర్లు
☐ తొమ్మిదో ప్రశ్నకి "అవును" అన్నవాళ్ళు. వీళ్ళ గురించి నోటితో చెప్పండి, వీలైతే వెంటబెట్టుకుని వెళ్ళి పరిచయం చేయండి.
☐ ఏ ఇంట్లో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియకూడదు
☐ గోడ మీది కాగితం ఆఖరిసారి సరిచూసిన తేదీ
☐ రిజిస్టర్ పెట్టిన బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో